కారం తినలేని వారికి పెరటి మిరప



మన ఆసుపత్రి ఔట్ పేషెంటు విభాగంలో దాదాపు ప్రతిరోజూ వినిపించే మాట ఒకటుంది. "డాక్టరు గారూ, కారం తినలేకపోతున్నాను." కొందరికి కడుపులో మంట, కొందరికి నోట్లో మంట, కొందరికి మొలల బాధ. మేము చీటీ మీద "కారం మానవలెను" అని రాసి పంపేవాళ్ళం. రాయడం చాలా తేలిక. ఇంటికి వెళ్ళిన తరువాత ఏమి జరుగుతుందో గ్రామ సందర్శనకు వెళ్ళిన మన ఆరోగ్య కార్యకర్తలు చూసి వచ్చి చెప్పారు.

కొండమీద చాలా ఇళ్ళలో, ముఖ్యంగా వేసవిలో, కూర అంటే ఉప్పు, మిరపకాయ, కాస్త చింతపండు వేసి కాచిన నీళ్ళే. అందులో నుండి మిరప తీసేస్తే మిగిలేది ఉప్పు నీళ్ళు. ఒక్కరి కోసం వేరే కూర వండే వీలు ఆ ఇంటి ఇల్లాలికి ఉండదు. రోగి నాలుగు గుక్కల చోడి అంబలి తాగి, నోటికి రుచి లేదని గిన్నె పక్కన పెట్టేస్తాడు. నెల తరువాత మా దగ్గరకు వచ్చేసరికి కడుపు మంట తగ్గి ఉండవచ్చు, దానితోపాటు బరువు కూడా తగ్గి ఉంటుంది. అప్పుడు మాకు అర్థమైంది, "మానండి" అని చెప్పడంతో మా పని పూర్తి కాదని. ఆ స్థానంలో ఏమి తినాలో, అది ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పాలి.

అందుకే ఈ సంచికలో కారం తక్కువగా ఉండే మిరపను గింజ నుండి పెరట్లో పెంచుకునే పద్ధతి రాస్తున్నాము. ఆసుపత్రి వెనుక దొడ్డిలో మేము పెంచి చూసి, తప్పులు చేసి, నేర్చుకున్న సంగతులు కూడా ఇందులో ఉన్నాయి.

ముందుగా ఒక హెచ్చరిక

కారం తినలేకపోవడం ఒక్కోసారి జబ్బుకు గుర్తు. నిన్నటి వరకు అందరిలాగే తిన్న మనిషికి ఇప్పుడు కొంచెం కారానికే నోరు మండిపోతుంటే, దానిని తేలికగా తీసుకోవద్దు. గుట్కా, వక్క నమిలే వారికి నోటి లోపలి పొర క్రమంగా గట్టిపడే జబ్బు వస్తుంది. దాని మొదటి గుర్తు తరచుగా ఈ మంటే. తరువాత నోరు పూర్తిగా తెరుచుకోదు. మీ మూడు వేళ్ళను నిలువుగా పెట్టి చూడండి. అవి నోట్లో పట్టకపోతే వెంటనే పరీక్ష చేయించుకోవాలి. ఈ జబ్బు కొందరిలో క్యాన్సరుగా మారుతుంది. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆడవారు కూడా అడ్డపొగ తాగుతారు. నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకోవడం వలన అంగిలి కాలి, తెల్ల మచ్చలు, పుండ్లు వస్తాయి. అటువంటి వారు ఏటా నోరు చూపించుకోవాలి, అడ్డపొగ మానాలి. రక్తం తక్కువైనప్పుడు కూడా నాలుక నున్నగా అయి మండుతుంది.

కడుపు విషయానికి వస్తే, మిరపకాయ వలన కడుపులో పుండు పడుతుందని చాలామంది నమ్మకం. ఇది సరికాదు. 1982లో ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే వైద్యులు ఈ పుండ్లకు ఒక సూక్ష్మక్రిమి కారణమని కనుగొన్నారు. దాని పేరు హెలికోబాక్టర్ పైలోరి. ఆ పనికి 2005లో వారికి నోబెల్ బహుమతి లభించింది. రెండో పెద్ద కారణం ఒళ్ళు నొప్పులకు దుకాణంలో కొని మింగే నొప్పి మాత్రలు. కారం పుండును పుట్టించదు గాని, ఉన్న పుండును, పైకి ఎగదన్నే పులుపును మండిస్తుంది. కనుక కారం తగ్గిస్తే బాధ తగ్గుతుంది, జబ్బు మాత్రం మందులతోనే పోతుంది. రక్తపు వాంతి, నల్లగా తారులాంటి విరేచనం, మింగుడు పడకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, వీటిలో ఏది ఉన్నా తోటపని తరువాత చూసుకోవచ్చు, ముందు ఆసుపత్రికి రండి. ఐరన్ మాత్రలు వాడేవారికి కూడా విరేచనం నల్లగా అవుతుంది. దానికి భయపడనక్కరలేదు గాని, ఆ సంగతి మాకు చెప్పండి.

కారం అంటే ఏమిటి?

మిరప మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండాల నుండి 16వ శతాబ్దంలో పోర్చుగీసు వారి ద్వారా మన తీరాలకు చేరింది. అంతకు ముందు మన పెద్దలకు కారం అంటే మిరియాలు, పిప్పళ్ళు, అల్లం. ఈ మూడూ నేటికీ మన కొండల్లో పండుతున్నాయి.

మిరపలోని కారానికి కారణమైన పదార్థం పేరు క్యాప్సైసిన్. ఇది గింజల్లో ఉంటుందని అందరూ అనుకుంటారు. నిజానికి ఇది తయారయ్యేది కాయ లోపల గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో. గింజలకు అంటుకునేది దాని నుండి రాలిన కారమే. కనుక కాయను నిలువుగా చీల్చి ఆ తెల్ల భాగం గీకివేస్తే కారం చాలావరకు పోతుంది.

కారం తింటే నోరు నిజంగా కాలదు. మన నాలుకలో వేడిని పసిగట్టే నరాల ద్వారాలు ఉన్నాయి. క్యాప్సైసిన్ ఆ ద్వారాలనే తెరుస్తుంది, మెదడు "కాలుతోంది" అనుకుంటుంది. ఈ ద్వారాన్ని కనుగొన్న డేవిడ్ జూలియస్ గారికి 2021లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. పక్షులకు ఈ మంట తెలియదు. అందుకే అవి పండు మిరపకాయలు తిని గింజలను ఊరంతా వెదజల్లుతాయి. పెరట్లో ఎవరూ నాటని మిరప మొక్క మొలిచిందంటే అది పక్షుల పనే కావచ్చు.

క్యాప్సైసిన్ నీటిలో కరగదు, నూనెలో, కొవ్వులో కరుగుతుంది. నోరు మండినప్పుడు నీళ్ళు కాక మజ్జిగ, పెరుగు, పాలు తీసుకోండి. చేతులు మండితే కొంచెం నూనె రాసి, తరువాత సబ్బుతో కడగండి. కంట్లో పడితే మాత్రం శుభ్రమైన నీటితో చాలాసేపు కడుగుతూ ఉండాలి.

కారం కొలతకు 1912లో విల్బర్ స్కోవిల్ అనే ఆయన ఒక లెక్క కనిపెట్టారు. ఆ లెక్కలో గుంటూరు సన్నం సుమారు 35,000 నుండి 40,000 వరకు ఉంటుంది. క్యాప్సికం సున్నా. ఈ రెండింటి మధ్య ఎన్నో రకాలున్నాయి. మనకు కావలసినవి సున్నాకు దగ్గరగా ఉండేవి.

కారం తక్కువ, మేలు ఎక్కువ

విటమిన్ సి ఒక తియ్య మిరప ద్వారా లోకానికి అందిందని మీకు తెలుసా? 1930ల మొదట్లో హంగేరీ దేశంలోని సెగెడ్ పట్టణంలో ఆల్బర్ట్ సెంట్ జార్జి అనే శాస్త్రవేత్త, అక్కడి రైతులు పండించే ఎర్ర మిరప నుండి ఈ విటమిన్‌ను పెద్ద మొత్తంలో వేరు చేశారు. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

వంద గ్రాముల పచ్చి క్యాప్సికంలో విటమిన్ సి 80 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి ఉంటుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవారిలో స్త్రీకి రోజుకు 65, పురుషునికి 80 మిల్లీగ్రాములు చాలు. ఘాటైన మిరపలోనూ ఈ విటమిన్ ఉంది, కాని దానిని ఒకటి రెండుకు మించి ఎవరు తినగలరు? కారం తక్కువ కాయను కూరగాయలాగా పిడికెడు తినవచ్చు. మేలు అక్కడే ఉంది.

ఇది మన ప్రాంతానికి ఎందుకు ముఖ్యమంటే రక్తహీనత వలన. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తం తక్కువగా ఉన్నది. మనం తినే చోళ్ళు, సామలు, ఆకుకూరలు, పప్పులలో ఇనుము ఉంది. కాని అది శరీరానికి అంత సులభంగా పట్టదు. అదే ముద్దతో విటమిన్ సి వెళితే ఇనుము బాగా పడుతుంది. భోజనంతో పాటు టీ తాగితే పట్టవలసినది కూడా పట్టదు. కనుక గర్భిణీ స్త్రీలు, బాలింతలు అన్నం తిన్న వెంటనే టీ తాగడం మాని, ఆ స్థానంలో నాలుగు ముక్కల పచ్చి మిరప, కొంచెం నిమ్మరసం తీసుకోవడం మంచిది.

ఒక సంగతి మరువకండి. రక్తహీనత అంతా ఇనుము లోపం వలననే కాదు. మన గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ జబ్బు కూడా ఉన్నది. రక్తపరీక్ష చేయించుకోకుండా సొంతంగా ఐరన్ మాత్రలు వాడవద్దు. మిరప ఆహారమే, మందుకు బదులు కాదు.

ఏ రకం గింజ తీసుకోవాలి?

అందరికీ తెలిసినది బజ్జీ మిరప. పొడవుగా, లేత ఆకుపచ్చగా, తోలు మందంగా ఉంటుంది. రెండవది క్యాప్సికం. దీనిలో కాలిఫోర్నియా వండర్ అనే పాత రకం, బెంగుళూరు ఉద్యాన పరిశోధనా సంస్థ వారి అర్క మోహిని, అర్క గౌరవ్ రకాలు ఉన్నాయి. అర్క గౌరవ్ మొక్కలను ఉన్నట్టుండి వాడిపోయేలా చేసే ఎండు తెగులును కొంత తట్టుకుంటుంది. వర్షం ఎక్కువ, పులుపు నేలలు గల మన కొండలకు ఇది పనికివచ్చే గుణం.

మూడవది వరంగల్ ప్రాంతపు చపాటా మిర్చి. చూడటానికి పొట్టిగా, ఉబ్బుగా ఉంటుంది కనుక దీనిని టమాటా మిర్చి అని కూడా అంటారు. రంగు ఎక్కువ, కారం తక్కువ. 2025లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించింది. కర్ణాటకలోని బ్యాడిగి మిరప కూడా ఇటువంటిదే. కూర ఎర్రగా కనిపించాలి, కాని మంట వద్దు అనుకునే ఇంటికి ఈ రెండూ మంచివి.

సంతలో కొన్న పచ్చి బజ్జీ మిరపకాయ నుండి గింజ తీసి విత్తితే మొలవదు. గింజ ముదరాలంటే కాయ చెట్టు మీదే ఎర్రగా పండాలి. ఇంకొక సంగతి, దుకాణంలో ఖరీదైన ప్యాకెట్లు ఎక్కువగా హైబ్రిడ్. మొదటి ఏడు బాగానే కాస్తాయి గాని, వాటి గింజ దాచి విత్తితే తల్లిలాంటి మొక్క రాదు. ప్రతి ఏటా కొనవలసిందే. కనుక "హైబ్రిడ్ కాని రకం ఇవ్వండి" అని అడగండి. ఉద్యాన శాఖ వారిని, చింతపల్లి వ్యవసాయ పరిశోధనా స్థానం వారిని అడిగితే మీ ఊరికి తగిన సలహా ఇస్తారు.

ఎప్పుడు విత్తాలి?

మిరప గింజకు వెచ్చదనం కావాలి. నేల 25 నుండి 30 డిగ్రీల వేడి ఉంటే వారం పది రోజుల్లో మొలుస్తుంది. 15 డిగ్రీల కంటే తగ్గితే మొలవడం కష్టం. అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. డిసెంబరు, జనవరిలో మన దగ్గర, చింతపల్లి, లంబసింగి వైపు ఎంత చలి ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. మేము మొదటిసారి క్రిస్మస్ సెలవుల్లో తీరిక దొరికిందని గింజలు విత్తాము. మూడు వారాలైనా ఒక్కటీ మొలవలేదు. గింజ మంచిది కాదని కొట్టువాడిని తిట్టుకున్నాము. తవ్వి చూస్తే గింజలు కుళ్ళి ఉన్నాయి. తప్పు గింజది కాదు, కాలానిది.

పెరటికి రెండు కాలాలు అనుకూలం. ఫిబ్రవరి చివర, చలి విరిగిన తరువాత నారు పోసి, ఏప్రిల్‌లో నాటితే జూన్ నుండి కాయలు వస్తాయి. దీనికి ఎండాకాలంలో నీరు పోయగలగాలి. గిన్నెలు కడిగిన నీళ్ళు, సబ్బు లేనివి, సరిపోతాయి. రెండవది, జూలై చివరలో చూరు కింద నారు పోసి సెప్టెంబరులో నాటడం. అప్పుడు నవంబరు నుండి కాయలు వస్తాయి. నీరు దూరంగా ఉన్న ఇళ్ళకు ఇదే మేలు. చలి ముదిరితే పూత రాలుతుంది, ముఖ్యంగా క్యాప్సికంలో. మొక్క చచ్చిపోయిందని పీకవద్దు. ఫిబ్రవరి ఎండ తగలగానే మళ్ళీ చిగురిస్తుంది.

నారు పోయడం

ఒక కుటుంబానికి ఎనిమిది, పది మొక్కలు చాలు. అందుకు ముప్పై గింజలు సరిపోతాయి.

గింజలను రాత్రంతా గోరువెచ్చని నీటిలో నానబెట్టండి. పైకి తేలినవి పారవేయండి. మిగిలినవి తడిగుడ్డలో మూటకట్టి పొయ్యికి కొంచెం ఎడంగా, చేతికి వెచ్చగా తగిలే చోట మూడు నాలుగు రోజులు ఉంచండి. గుడ్డ ఆరిపోకూడదు, వేడెక్కిపోకూడదు. ఈ ఉపాయం మాకు నేర్పింది మన వంటశాలలో పనిచేసే అక్క.

నారుకు ప్లాస్టిక్ ట్రేలు కొననక్కరలేదు. మన దగ్గర అడ్డాకులు ఉన్నాయి. చిన్న దొప్పలు కుట్టి అడుగున రెండు చిల్లులు పెట్టండి. జల్లించిన ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, ఇసుక సమానంగా కలిపి నింపండి. పచ్చి పేడ వేస్తే వేర్లు మాడిపోతాయి. ఒక్కో దొప్పలో రెండు గింజలు, గోటి మందం లోతులో పెట్టి, పైన సన్న మట్టి చల్లండి. చేత్తో నీళ్ళు చిలకరించండి, చెంబుతో పోయవద్దు.

ఉదయం పూట నీరు ఇవ్వండి. సాయంత్రం తడిపి రాత్రంతా తడిగా ఉంచితే మొదలు దగ్గర నల్లబడి పడిపోయే నారుకుళ్ళు తెగులు వస్తుంది. మొలకలు కనిపించగానే వెలుతురులోకి మార్చండి. చీకట్లో ఉంటే సన్నగా సాగిపోతాయి. వాన నేరుగా పడకూడదు, కోళ్ళు అందుకోకూడదు. నాలుగు ఆకులు వచ్చాక దొప్పకు బలమైన మొక్క ఒక్కటే ఉంచండి.

నాటడం, పోషణ

ఆరు వారాల తరువాత మొక్క జానెడులో సగానికి పైగా ఎదిగి, ఐదారు ఆకులతో ఉంటుంది. నాటడానికి ముందు వారం రోజులు రోజూ కొంచెంసేపు ఎండలో పెట్టి అలవాటు చేయండి.

వంగ, టమాటా, బంగాళాదుంప వేసిన చోట మిరప వేయవద్దు. ఇవన్నీ ఒకే కుటుంబం, ఒకదాని తెగులు మరొకదానికి అంటుతుంది. మన వర్షాలకు చదును నేల పనికిరాదు. జానెడు ఎత్తున మట్టి కట్ట పోసి దాని మీద నాటాలి. మూర దూరానికి కొంచెం ఎక్కువగా ఒక గుంట తవ్వి, రెండు పిడికిళ్ళ చివికిన ఎరువు, ఒక పిడికెడు పొయ్యి బూడిద కలపండి. బూడిద నేల పులుపును కొంత తగ్గిస్తుంది. సాయంత్రం పూట, దొప్ప అడుగు చింపి, మట్టి గడ్డ విడిపోకుండా నాటండి. మొక్కకు ఒక వెదురు పుల్ల ఊతం కట్టండి. మొదలు చుట్టూ ఎండుగడ్డి పరిస్తే తేమ నిలుస్తుంది, వానకు మట్టి ఆకుల మీదకు చిమ్మదు.

నీరు ఒక రోజు ఎక్కువ, నాలుగు రోజులు లేకుండా ఇవ్వవద్దు. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. నీటి ఎద్దడికి గురైన మొక్క కాయల్లో కారం పెరుగుతుంది. కమ్మటి కాయ కావాలంటే మొక్కను ఎండగట్టకూడదు. పూత సమయంలో పదిహేను రోజులకు ఒకసారి జీవామృతం గాని, పలుచని పేడ నీరు గాని పోయండి. ఎరువు ఎక్కువైతే ఆకు పెరుగుతుంది, కాయ తగ్గుతుంది.

నాటిన రెండు, రెండున్నర నెలలకు మొదటి కోత వస్తుంది. కాయ లేతగా ఉండగానే కోయండి. ముదిరే కొద్దీ కారం చేరుతుంది. కోసే కొద్దీ చెట్టు మళ్ళీ కాస్తుంది.

పురుగులు, తెగుళ్ళు

ఆకులు పైకి దోనెలా ముడుచుకుంటే తామర పురుగులు, కిందికి ముడుచుకుంటే నల్లి అని గుర్తు. 2021-22లో మన రెండు తెలుగు రాష్ట్రాల మిరప రైతులను నష్టపరచినది కొత్త రకం నల్ల తామర పురుగే. పెరట్లో ఎనిమిది మొక్కలకు పురుగుమందు అక్కరలేదు. వారానికి రెండుసార్లు ఆకులు తిరగేసి చూడండి. 50 గ్రాముల వేపగింజల పొడిని లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, చిటికెడు సబ్బు కలిపి సాయంత్రం ఆకుల రెండు వైపులా చల్లండి. వేపగింజ దొరకని ఊళ్ళలో లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు కలిపి వాడవచ్చు. నీలం రంగు అట్టకు ఆముదం పూసి మొక్కల మధ్య వేలాడదీస్తే తామర పురుగులు అంటుకుంటాయి. ఆకులు చిన్నవై, పసుపు మచ్చలతో గిడసబారిన మొక్కకు వైరస్ తగిలినట్టే. దానికి మందు లేదు. పీకి దూరంగా పూడ్చివేయండి.

పురుగుమందు సీసా ఇంట్లో ఉంచవద్దని మా మనవి. కోపంలో తాగినవారిని, నీళ్ళనుకుని తాగిన పసిపిల్లలను మేము చూశాము. కొందరిని కాపాడుకోలేకపోయాము. కూరగాయల మడి కోసం ఆ సీసా ఇంట్లోకి రానవసరం లేదు.

పక్క చెట్టు కారం అంటుకుంటుందా?

మేము చేసిన రెండవ తప్పు ఇది. మొదటి ఏడు బజ్జీ మిరప బాగా కాసింది. కంచె పక్కనే ఘాటైన మిరప చెట్టు ఒకటి ఉండేది. మేము పట్టించుకోలేదు. ఎర్రబడిన బజ్జీ కాయల గింజలు దాచి మరుసటి ఏడు వేశాము. కాయలు చూడటానికి కొంచెం సన్నగా ఉన్నాయి, అంతే. వార్డులో కడుపు పుండు రోగులకు వండిన కూరలో వేశాము. ఒక పెద్దాయన మొదటి ముద్ద తిని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, "అమ్మా, ఇది ఆసుపత్రి కూరేనా, మా ఇంటి కూరా?" అని అడిగారు. అందరూ నవ్వారు గాని మాకు సిగ్గు వేసింది. ఆ రోజు నుండి వార్డుకు వెళ్ళే కాయను ముందు మేము కొరికి చూస్తున్నాము.

జరిగినది ఇది. మిరప పువ్వు తనంతట తాను ఫలదీకరణ చెందుతుంది, కాని తేనెటీగలు, చిన్న పురుగులు పక్క చెట్టు పుప్పొడి కూడా తెస్తాయి. అలా వచ్చిన పుప్పొడి వలన ఈ ఏటి కాయ కారం మారదు. కాయ గోడ, లోపలి తెల్ల ఈనె తల్లి చెట్టువే. మారేది గింజ. ఆ గింజ విత్తినప్పుడు పుట్టే మొక్కలో కారం గుణమే పైచేయి అవుతుంది. కనుక ఘాటు మిరప పక్కన నాటినంత మాత్రాన తినే కాయకు భయం లేదు, విత్తనానికే భయం.

విత్తనం కావాలంటే బలమైన ఒక మొక్కను ఎంచుకోండి. మొగ్గలు విచ్చకముందే ఒక కొమ్మకు పలుచని దోమతెర గుడ్డ సంచి కట్టండి. రోజుకొకసారి కొమ్మను మెల్లగా తట్టండి, పుప్పొడి రాలుతుంది. పిందె కట్టిన తరువాత సంచి తీసి, ఆ కాయలకు గుర్తుగా ఎర్రదారం కట్టండి. వాటిని కోయవద్దని పిల్లలకు చెప్పండి. కాయ పూర్తిగా ఎర్రబడి కొంచెం వడలాక కోసి, గింజలు తీసి, నీడలో వారం రోజులు ఆరబెట్టండి. వంచితే గింజ వంగకుండా విరగాలి. ఆరిన బూడిద కలిపి మూత బిగుతుగా ఉన్న సీసాలో దాచండి. రకం పేరు, సంవత్సరం రాసి అంటించండి. రెండు మూడేళ్ళు మొలకెత్తే శక్తి ఉంటుంది.

ఎలా వండుకోవాలి?

ఎండబెట్టినా, ఎక్కువసేపు ఉడికించినా విటమిన్ సి చాలావరకు పోతుంది. బజ్జీగా నూనెలో వేయించుకోవడం పండుగనాడు సరే, రోగికి తగదు. మజ్జిగలో ఊరబెట్టి ఎండబెట్టిన మిరపకాయల్లో ఉప్పు చాలా ఎక్కువ, రక్తపోటు ఉన్నవారు మానాలి. కాయను చీల్చి, లోపలి తెల్ల ఈనె తీసివేసి, ముక్కలు కోసి, కూర దించే ముందు వేసి ఒక్క ఉడుకు రానివ్వండి. చోడి అంబలితో నంజుకోవడానికి పచ్చి ముక్కలు, ఉల్లి, కొంచెం ఉప్పు, నిమ్మరసం కలిపితే చాలు. వలిసెల పొడి చల్లితే మరీ రుచి. పిల్లలు కూడా ఇష్టంగా తింటారు. పుండు మానేవరకు కొందరికి క్యాప్సికం తోలు కూడా పడదు. అటువంటివారు తోలు కాల్చి తీసివేసి తినవచ్చు. అయినా బాధపెడితే మానివేసి మాకు చెప్పండి.

ఇప్పుడు మా చీటీల మీద "కారం మానవలెను" అని మాత్రమే రాయడం లేదు. కారం తగ్గించవలసిన వారికి, వారి ఇంట్లో పెరడు, నీరు ఉన్నాయో అడిగి, చిన్న పొట్లంలో ముప్పై గింజలు ఇస్తున్నాము. బదులుగా డబ్బు అడగడం లేదు. ఒక్కటే కోరుతున్నాము. ఎర్రదారం కట్టిన రెండు కాయల గింజలను వచ్చే కోత పండుగకు దేవుని మందిరానికి తీసుకురండి. మొదటి పంటతో పాటు ఆ పొట్లాన్ని కూడా బల్ల మీద ఉంచండి. మీ తరువాత వచ్చే రోగికి అది వెళుతుంది. విత్తువాని ఉపమానం మనకందరికీ తెలిసినదే. గింజ అందరికీ ఒకటే, తేడా అది పడిన నేలది. మీ పెరటి నేల మంచి నేల అగును గాక.

దేవుడు మీ ఇంటిని, మీ గిన్నెలోని ముద్దను దీవించును గాక.

మన ఆసుపత్రి సమాజ ఆరోగ్య విభాగము